6 వోల్ట్‌ల పాత ట్రాక్టరు, 12 వోల్ట్‌ల బ్యాటరీ: స్టార్ట్ చేయడానికి ఏ దారి ఎంచుకోవాలి

పాత ట్రాక్టరు సెల్ఫ్ తీసుకోవట్లేదు. బ్యాటరీ డౌన్. దగ్గర్లో ఉన్న కారుదీ, కొత్త ట్రాక్టరుదీ 12 వోల్ట్‌ల బ్యాటరీ. పాత బండిది 6. రెండు కేబుళ్లు తగిలించి ఒక్కసారి సెల్ఫ్ కొడితే ఏమవుతుందిలే అని చాలామంది తగిలించేస్తారు. ఇంజిన్ స్టార్ట్ అయిపోతుంది కూడా. అందుకే "మేం ఎప్పుడూ ఇలాగే చేస్తాం, ఏమీ కాలేదు" అనే మాట అంతగా పాతుకుపోయింది. కానీ ఏదైనా అయిన రోజున బ్యాటరీ పేలి యాసిడ్ మొహం మీద పడుతుంది, లేదా గేర్‌లో ఉన్న ట్రాక్టరు మనిషి మీదికి వస్తుంది. అలాంటి పనిని అలవాటుగా చేయడం నాకు ఇష్టం లేదు, ఎవరూ చేయకూడదనే ఇది రాస్తున్నాను.

నా సలహా ముందే చెప్పేస్తాను. టైం ఉంటే ఉన్న బ్యాటరీనే సరైన ఛార్జరుతో ఛార్జ్ చేయండి. టైం లేకపోతే అదే వోల్టేజీ ఉన్న ఇంకో బ్యాటరీ తెచ్చుకోండి. అదీ దొరక్కపోతే ముందు హ్యాండిల్ పెట్టి ఇంజిన్‌ని చేత్తో తిప్పే వీలున్న బండికి హ్యాండిల్, లేని బండిని జాగ్రత్తగా లాగడం. 12 వోల్ట్‌లను సెల్ఫ్ మోటారుకి మాత్రమే విడిగా ఇవ్వడం అన్నిటికన్నా చివర, అదీ కొన్ని షరతులతో. 12 వోల్ట్‌ల బ్యాటరీని తీసుకెళ్లి 6 వోల్ట్‌ల బ్యాటరీ మీద తగిలించడం ఈ వరుసలో ఎక్కడా లేదు.

మీ బండి నిజంగా ఎన్ని వోల్ట్‌లది?

ఇది తేలకుండా ఏ కేబులూ ముట్టుకోవద్దు. బ్యాటరీ పైన మూతలు లెక్కపెట్టడం తేలికైన పద్ధతి. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఒక్కో సెల్ సుమారు 2.1 వోల్ట్‌లు ఇస్తుంది. మూడు మూతలుంటే 6 వోల్ట్‌లు, ఆరు ఉంటే 12. సీలు వేసిన బ్యాటరీ అయితే లేబుల్ చూడాలి.

అయితే బ్యాటరీ 6 వోల్ట్‌లది అయినంత మాత్రాన బండి 6 వోల్ట్‌లది అని అనుకోవడానికి లేదు. కొన్ని పాత ట్రాక్టర్లలో రెండు 6 వోల్ట్‌ల బ్యాటరీలను సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్‌ని ఇంకోదాని మైనస్‌కి కలిపి 12 చేశారు. సీటు కింద ఒకటి కనిపిస్తే ఇంకెక్కడైనా రెండోది దాగి ఉందేమో కేబుల్ పట్టుకుని వెళ్లి చూడాలి. 1960ల నాటి జాన్ డీర్ 4010, తొలి రోజుల 4020 డీజిల్ బళ్లలో ఇంకో తిరకాసు ఉంది. రెండు 12 వోల్ట్‌ల బ్యాటరీలు, సెల్ఫ్ మాత్రం 24 వోల్ట్‌లది. వాటి సంగతి కింద విడిగా చెప్తాను.

ఫోర్డ్ 8ఎన్, ఫార్మాల్ హెచ్, ఎం లాంటి బళ్లు ఫ్యాక్టరీ నుంచి 6 వోల్ట్‌లతోనే వచ్చాయి. 1950ల చివరికి చాలా కంపెనీలు 12కి మారిపోయాయి. కానీ ఇన్నేళ్లలో ఆ బండి ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏం మార్చారో చెప్పలేం. బ్యాటరీని ఛార్జ్ చేసే పాత డైనమో తీసేసి దాని చోట ఆల్టర్నేటర్ పెట్టి ఉంటే దాన్ని 12కి మార్చేసి ఉండే అవకాశమే ఎక్కువ. బల్బు మీద, స్పార్కు పుట్టించే కాయిల్ మీద రాసిన వోల్టేజీ కూడా చూడండి. బ్యాటరీ, బల్బు, కాయిల్ మూడూ ఒకే మాట చెప్తే నమ్మొచ్చు. ఒకటి 6 అని, ఇంకోటి 12 అని చెప్తుంటే మార్పిడి సగంలో ఆగిపోయిన బండి అది. అలాంటిదానికి బయటి బ్యాటరీ తగిలించకుండా ముందు వైరింగ్ తెలిసినవాళ్లకి చూపించండి.

రెండో విషయం ఎర్త్, అంటే బ్యాటరీలో ఏ పోల్ బండి బాడీకి కలిసి ఉందన్నది. ఇప్పటి బళ్లన్నిటిలో బ్యాటరీ మైనస్ బాడీకి వెళ్తుంది. పైన చెప్పిన ఫోర్డ్, ఫార్మాల్ బళ్లలో ప్లస్ బాడీకి వెళ్తుంది. 12 వోల్ట్‌ల పాత బళ్లలో కూడా కొన్ని ఇలాగే ఉంటాయి. కేబుల్ రంగు చూసి నిర్ణయించొద్దు, ఎవరో ఎప్పుడో దొరికిన కేబుల్ వేసి ఉంటారు. బ్యాటరీ పోల్స్‌లో ప్లస్ కాస్త లావుగా ఉంటుంది. మల్టీమీటరు పెడితే ఇంకా ఖాయంగా తెలుస్తుంది. ఎర్ర వైరు పెట్టిన పోల్ ప్లస్ అయితే అంకె మామూలుగా వస్తుంది, మైనస్ అయితే అంకె ముందు మైనస్ గుర్తు వస్తుంది.

12ని 6 మీద పెడితే లోపల జరిగేది

రెండు బ్యాటరీలను ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపితే రెండూ ఒకే వోల్టేజీకి రావాలని చూస్తాయి. ఒకటి 12.6 దగ్గర, ఇంకోటి 5.5 దగ్గర ఉంటే ఆ తేడాను మోయాల్సింది కేబుళ్లు, రెండు బ్యాటరీల లోపలి రెసిస్టెన్సు మాత్రమే. ఆ రెసిస్టెన్సు చాలా తక్కువ. కాబట్టి సెల్ఫ్ నొక్కకముందే, క్లిప్ తగిలించిన క్షణం నుంచే భారీ కరెంటు చిన్న బ్యాటరీలోకి దూసుకుపోతుంది. సెల్ఫ్ మోటారుకి సాయం చేద్దామని తెచ్చిన శక్తిలో చాలా భాగం డౌన్ అయిన బ్యాటరీని ఉడికించడానికే పోతుందన్నమాట.

ఆ బ్యాటరీలో నీళ్లు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ బయటికి వస్తాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం వరకు ఎంత ఉన్నా నిప్పు తగిలితే అంటుకుంటుంది. క్లిప్ పీకేటప్పుడు వచ్చే నిప్పురవ్వ సరిగ్గా అక్కడే, బ్యాటరీ మీదే పడుతుంది. పేలేది అప్పుడే. చలి ప్రాంతాల్లో ఇంకో ప్రమాదం ఉంది. డౌన్ అయిన బ్యాటరీలో యాసిడ్ పలచబడి, సున్నాకి కొన్ని డిగ్రీలు కిందికి వెళ్లేసరికే గడ్డకడుతుంది. గడ్డకట్టిన బ్యాటరీకి ఏ వోల్టేజీ కూడా ఇవ్వకూడదు, ఛార్జరు కూడా పెట్టకూడదు. డొక్క ఉబ్బి ఉంటే దాన్ని పక్కన పెట్టేయడమే.

బ్యాటరీ సంగతి అలా ఉంచితే, మిగతా బండి మొత్తం మీద 12 వోల్ట్‌లు పడతాయి. 6 వోల్ట్‌ల కాయిల్ గుండా రెట్టింపు కరెంటు వెళ్తుంది, స్పార్కు కోసం ఆ కరెంటును కలిపి విడదీసే పాయింట్లు మాడతాయి. స్విచ్ వేసి ఉన్న లైట్లు పోతాయి. కరెంటుతో పనిచేసే ఫ్యూయల్ గేజి ఉంటే దానికీ ముప్పే.

సెల్ఫ్ మోటారు మాత్రం వీటన్నిటికన్నా మొండిది. రాగి బద్దలతో చుట్టిన సిరీస్ మోటారు కాబట్టి కొన్ని సెకన్లపాటు 12 తట్టుకుంటుంది. బండిని 12కి మార్చుకుని అదే పాత 6 వోల్ట్‌ల సెల్ఫ్‌తో ఏళ్ల తరబడి నడుపుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. దానికి దెబ్బ తగిలేది మెకానికల్ వైపు. ఆగి ఉన్న మోటారు రెట్టింపు వోల్టేజీతో ఒక్కసారిగా ఎగిరినప్పుడు సెల్ఫ్ పళ్లచక్రాన్ని ఫ్లైవీల్‌కి కలిపే బెండిక్స్ స్ప్రింగు విరగొచ్చు, ఫ్లైవీల్ రింగు పళ్లు ఊడొచ్చు. రింగు మార్చాలంటే చాలా బళ్లలో ట్రాక్టరును మధ్యలో విడదీయాలి. పది నిమిషాలు ఆదా చేద్దామని చూసి అంత పని నెత్తిన వేసుకోవడం అవసరమా అన్నదే నా ప్రశ్న.

అసలు తప్పు బ్యాటరీదేనా?

నా దృష్టిలో అందరూ దాటేసి వెళ్లిపోయే భాగం ఇదే. 6 వోల్ట్‌ల బళ్లు నీరసంగా తిరగడానికి చాలాసార్లు కారణం కేబుళ్లు, ఎర్త్, తుప్పు.

లెక్క చూడండి. సెల్ఫ్ రెండు మూడు వందల ఆంపియర్లు లాగుతుంది. కేబుల్‌లో, జాయింట్లలో కలిపి 0.005 ఓమ్ రెసిస్టెన్సు ఉందనుకుందాం, అంటే లెక్కలోకి రానంత చిన్నది. 300 ఆంపియర్ల దగ్గర అదే 1.5 వోల్ట్‌లు తినేస్తుంది. 12 వోల్ట్‌ల బండిలో ఇది ఎనిమిదో వంతు. 6 వోల్ట్‌ల బండిలో నాలుగో వంతు. పైగా అదే పని చేయడానికి 6 వోల్ట్‌ల మోటారు రెట్టింపు కరెంటు లాగాలి కాబట్టి నష్టం ఇంకా పెరుగుతుంది. అందుకే ఫ్యాక్టరీలో బొటనవేలంత లావు కేబుళ్లు వేసేవాళ్లు. తర్వాత ఎవరో కారు కేబుల్ వేస్తారు, అది 12కి సరిపోయే సన్నటి కేబుల్. అప్పటినుంచి బండి "బ్యాటరీ నిలబడట్లేదు" అని పేరు తెచ్చుకుంటుంది.

మల్టీమీటరు ఉంటే దీన్ని తేల్చడం కష్టం కాదు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఇగ్నిషన్ ఆపి, ఒకరు సీటులో కూర్చుని సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు చక్రాలకు దూరంగా నిలబడి మీటరు చూడాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 6 వోల్ట్‌ల బ్యాటరీ పోల్స్ మధ్య 5 వోల్ట్‌లకు అటూఇటూ ఉంటే బ్యాటరీ ఫర్వాలేదు. బ్యాటరీ దగ్గర అంత ఉండి సెల్ఫ్ దగ్గర మూడున్నరే ఉంటే మధ్యలో ఎక్కడో తుప్పు తింటోంది. బ్యాటరీ ప్లస్ ఎర్త్ అయితే ప్లస్ పోల్‌కీ, ఇంజిన్ బాడీకీ మధ్య కూడా కొలవండి. అర వోల్ట్ దాటి చూపిస్తే ఎర్త్ విప్పి, లోహం మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించండి. ఇంత చేశాక బయటి బ్యాటరీ అవసరమే రాకపోవచ్చు.

ఏ లోడూ లేనప్పుడు చూపించే అంకె కూడా కొంత చెప్తుంది. పూర్తి ఛార్జ్ ఉన్న 6 వోల్ట్‌ల బ్యాటరీ 6.3 పైన ఉంటుంది, 5.9కి దిగితే దాదాపు ఖాళీ. ఎంత ఛార్జ్ చేసినా 4.2 దగ్గరే ఆగిపోతే ఒక సెల్ చచ్చిపోయిందని అర్థం, మిగతా రెండే పనిచేస్తున్నాయి. 12 వోల్ట్‌ల బ్యాటరీలో ఇదే లక్షణం 10.5 దగ్గర కనిపిస్తుంది. అలాంటిదానికి జంప్ ఇచ్చి లాభం లేదు, కొత్తది కొనడమే.

ఇంకొక్క పరీక్ష ఉంది. చాలాకాలం కదలకుండా ఉన్న బండి అయితే ఇంజిన్‌ని ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి. పట్టేసిన ఇంజిన్ మీద, లేదా సిలిండర్‌లోకి నీళ్లు దిగిన ఇంజిన్ మీద బలమైన సెల్ఫ్ కొడితే విరిగేది ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది.

ఛార్జరా, ఇంకో 6 వోల్ట్‌ల బ్యాటరీనా?

ఈ రెండూ మంచి దారులే. తేడా టైం దగ్గరే.

ఛార్జరుకి 6, 12 అని మార్చే స్విచ్ ఉండాలి. అది 6 మీదే ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. బ్యాటరీ కెపాసిటీలో పదో వంతు కరెంటు మంచిది, 100 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 10 ఆంపియర్లు. తొందరగా కావాలని ఛార్జరు మీదుండే "స్టార్ట్" లేదా "బూస్ట్" బటన్ వాడేముందు అది 6 వోల్ట్‌లలో పనిచేస్తుందో లేదో చూడాలి, చాలావాటిలో ఆ బటన్ 12కే. సెల్స్‌లో నీళ్లు తగ్గి ప్లేట్లు కనిపిస్తుంటే ప్లేట్లు మునిగేంత డిస్టిల్డ్ వాటర్ పోసి ఛార్జ్ పెట్టండి, నిండుగా పోయడం ఛార్జ్ అయ్యాకే. మొండిగా డౌన్ అయిన బ్యాటరీని కొన్ని ఆటోమేటిక్ ఛార్జర్లు అసలు గుర్తించవు. ఛార్జరు పాడైందని అనుకోకండి, పాత తరహా సాదా ఛార్జరు దానికి పనికొస్తుంది.

రాత్రంతా ఆగగలిగితే ఇంతకన్నా మంచి మార్గం లేదు. దేనికీ దెబ్బ తగలదు, బ్యాటరీ ఛార్జ్ పట్టుకుంటోందా లేదా అన్నది కూడా తెల్లారేసరికి తెలిసిపోతుంది.

అంత టైం లేనప్పుడు ఇంకో 6 వోల్ట్‌ల బ్యాటరీ. వేరే 6 వోల్ట్‌ల ట్రాక్టరుది కావచ్చు, గోల్ఫ్ బండ్లలో వాడే 6 వోల్ట్‌ల పెద్ద బ్యాటరీ కావచ్చు. పాత బళ్లు ఒకటికన్నా ఎక్కువ ఉన్నవాళ్లు ఇలాంటిది ఒకటి ఛార్జ్ చేసి ఉంచుకుంటే ఈ వ్యాసంలో మిగతా సగం అవసరమే పడదు. కేబుళ్లు మాత్రం లావువి ఉండాలి. కారు డిక్కీలో ఉండే సన్నటి జంపర్ కేబుళ్లు పైన చెప్పిన లెక్క ప్రకారం 6 వోల్ట్‌లకు దాదాపు పనికిరావు. అవే ఉంటే, తగిలించి పావుగంట ఆగి, సాయం బ్యాటరీ నుంచి కొంత ఛార్జ్ ఎక్కాక సెల్ఫ్ కొట్టండి.

తగిలించే వరుసలో గుర్తుంచుకోవాల్సింది ఒకటే. ఎర్త్ కాని పోల్ ముందు, ఎర్త్ వైపు క్లిప్ చివర. ఆ చివరి క్లిప్‌ని కూడా బ్యాటరీకి దూరంగా ఇంజిన్ మీద శుభ్రమైన లోహానికి పెట్టాలి. ప్లస్ ఎర్త్ బండిలో అంటే ముందు మైనస్‌కి మైనస్ కలిపి, సాయం బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే కేబుల్‌ను చివర్లో ట్రాక్టరు బాడీకి పెడతాం. ఇప్పటి కార్లతో అలవాటైన చేతికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది, కాబట్టి తొందరపడొద్దు. తీసేటప్పుడు దీనికి సరిగ్గా ఎదురు వరుస.

సాయం బ్యాటరీ ఇంకో బండిలోనే ఉంటే, ఆ బండి మైనస్ ఎర్త్ అయితే, రెండు బళ్లూ ఒకదానికొకటి ఏమాత్రం తగలకూడదు. ఒకదాని బాడీ ప్లస్, ఇంకోదాని బాడీ మైనస్. బంపరు తగిలినా, రెండిటినీ కలుపుతూ ఒక గొలుసు వేలాడుతున్నా నేరుగా షార్ట్ సర్క్యూటే. ఈ టెన్షన్ లేకుండా బ్యాటరీని బండిలోంచి దింపి నేల మీద పెట్టి వాడటమే మేలు.

హ్యాండిల్, లేదా లాగడం

పాత పెట్రోలు, కిరోసిన్ బళ్లలో చాలావాటికి ముందు హ్యాండిల్ పెట్టే చోటు ఉంటుంది. మాగ్నెటో (ఇంజిన్‌తో తిరుగుతూ తనే స్పార్కు కరెంటు పుట్టించేది) ఉన్న బండి అయితే స్పార్కుకి బ్యాటరీ అక్కర్లేదు. కాయిల్ ఇగ్నిషన్ అయినా సరే, సెల్ఫ్ తిప్పలేని బ్యాటరీ స్పార్కు ఇవ్వగలుగుతుంది, ఎందుకంటే కాయిల్‌కి కావలసింది నాలుగైదు ఆంపియర్లే. అందుకే పెట్రోలు బండికి 12 వోల్ట్‌ల కారు వెతకడం కన్నా హ్యాండిల్ వెతకడం మంచిదని నా అభిప్రాయం.

హ్యాండిల్ కూడా ప్రమాదం లేనిది కాదు. ఇంజిన్ వెనక్కి కొడితే మణికట్టు, బొటనవేలు విరుగుతాయి. స్పార్కు టైమింగ్ చేత్తో మార్చే లివరు ఉంటే దాన్ని వెనక్కి, అంటే లేటు వైపు పెట్టాలి. బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ల వైపే ఉంచి పట్టుకోవాలి. కింది నుంచి పైకి లాగాలి, పై నుంచి కిందికి తోయొద్దు, గుండ్రంగా తిప్పొద్దు. గేరు న్యూట్రల్‌లో ఉందని ముందే బండిని కదిపి చూసుకోవాలి, ఎందుకంటే స్టార్ట్ అయినప్పుడు మీరు నిలబడి ఉండేది దాని ముందే.

డీజిల్‌కి హ్యాండిల్ దాదాపు కుదరదు, కంప్రెషన్ ఎక్కువ. దాన్ని ఇంకో ట్రాక్టరుతో లాగొచ్చు. పాత గేరుబాక్సు బళ్లకే ఇది పనికొస్తుంది. ఆయిల్ ప్రెషరుతో పనిచేసే హైడ్రోస్టాటిక్, పవర్‌షిఫ్ట్ గేరుబాక్సుల్లాంటివి చాలావరకు ఇలా స్టార్ట్ కావు, పైగా లోపల పాడవుతాయి. పై గేరులో పెట్టి, క్లచ్ తొక్కి, లాగే బండి నిదానంగా కదిలాక క్లచ్ మెల్లగా వదలాలి. తక్కువ గేరులో వదిలితే చక్రాలు ఈడ్చుకుపోతాయి తప్ప ఇంజిన్ తిరగదు. గొలుసు కన్నా గట్టి టో బార్ చాలా నయం, స్టార్ట్ అయిన బండి ముందుబండి మీదికి దూకకుండా ఆపుతుంది. వాలు మీద, మనుషులున్న చోట వద్దు. డీజిల్ ఆపడానికి కరెంటు సొలినాయిడ్ (కరెంటు ఇస్తే అయస్కాంతంలా లాగే పరికరం) ఉన్న బండి అయితే బ్యాటరీ పూర్తిగా డౌన్ అయినప్పుడు ఎంత లాగినా డీజిల్ వెళ్లదు, ఇది తెలియక చాలామంది గంటల తరబడి లాగుతారు.

12 వోల్ట్‌లు సెల్ఫ్‌కి మాత్రమే: ఎప్పుడు, ఎలా

పై దారులన్నీ మూసుకుపోయినప్పుడు మిగిలేది ఇది. 12 వోల్ట్‌లను బండి వైరింగ్‌లోకి గానీ, 6 వోల్ట్‌ల బ్యాటరీలోకి గానీ వెళ్లనివ్వకుండా సెల్ఫ్ మోటారుకి ఒక్కదానికే ఇస్తాం. స్పార్కుకి 6 వోల్ట్‌ల బ్యాటరీ తన పని తాను చేస్తుంది. కరెంటు పరంగా ఇది సరైన పద్ధతే. దీన్ని చివర పెట్టింది వేరే కారణానికి.

సెల్ఫ్ టెర్మినల్ సాధారణంగా ఇంజిన్ పక్కన, వెనక చక్రానికి కాస్త ముందు ఉంటుంది. అక్కడ నేల మీద నిలబడి టెర్మినల్‌కి కేబుల్ ఆనించినప్పుడు బండి గేర్‌లో ఉంటే అది కదిలి, నిలబడినవాళ్ల మీదుగానే వెళ్తుంది. న్యూట్రల్‌లో ఉంటేనే స్టార్ట్ అయ్యేలా పెట్టిన సేఫ్టీ స్విచ్ ఉన్నా, మనం దాన్ని దాటేసి కరెంటు ఇస్తున్నాం కాబట్టి అది ఆపలేదు. స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ టెర్మినళ్లు కలిపి స్టార్ట్ చేయబోయి చక్రం కింద పడి ప్రాణాలు పోయిన ఘటనలు చాలా ఉన్నాయి. "సీటులో కూర్చునే స్టార్ట్ చేయండి" అని వ్యవసాయ భద్రత చెప్పేవాళ్లు పదే పదే అనేది అందుకే.

కాబట్టి నా షరతు ఇది. ఆ లావు కేబుల్ మధ్యలో ఒక విడి సొలినాయిడ్ (బటన్ నొక్కితే లావు కేబుల్‌ను కలిపే స్విచ్), దానికి పొడవైన వైరుతో ఒక పుష్ బటన్ పెట్టుకోండి. బటన్ సీటులో కూర్చున్నవాళ్ల చేతిలో ఉండాలి. ఆ ఏర్పాటు లేకపోతే ఈ పద్ధతి జోలికి వెళ్లొద్దు, ఛార్జరు దొరికేదాకా ఆగండి.

ఏర్పాటు ఉంటే ఇలా. చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు, బ్రేకు, గేరు న్యూట్రల్, పీటీఓ (పనిముట్లను తిప్పే షాఫ్టు) ఆఫ్, లైట్లన్నీ ఆఫ్. 12 వోల్ట్‌ల బ్యాటరీ నేల మీద విడిగా, ఏ బండికీ తగిలించకుండా ఉండాలి. నడుస్తున్న కారు నుంచి తీసుకుంటే అది 14 వోల్ట్‌లు దాటుతుంది, దాని ఆల్టర్నేటరుకీ ఎలక్ట్రానిక్సుకీ కూడా రిస్కు. ఎర్త్ వైపు కేబుల్ ఇంజిన్ బాడీకి, రెండోది సొలినాయిడ్ మీదుగా సెల్ఫ్ టెర్మినల్‌కి, అంటే బండి సొంత స్టార్టర్ స్విచ్ దాటాక మోటారు వైపు ఉన్న బోల్టుకి. ఫోర్డ్ 8ఎన్ లాంటి బళ్లలో విడి సొలినాయిడ్ ఉంటుంది కాబట్టి ఆ బోల్టు తేలిగ్గా అందుతుంది. స్విచ్ నేరుగా మోటారు నెత్తి మీదే కూర్చున్న బళ్లలో మోటారు వైపు బోల్టు బయటికి కనిపించదు, వాటికి ఈ పద్ధతి కుదరదు.

అన్నీ తగిలించాక బండి సొంత సెల్ఫ్ బటన్ ఎవరూ నొక్కకూడదు. నొక్కిన క్షణం రెండు బ్యాటరీలూ కలిసిపోతాయి, తప్పించుకోవాలనుకున్న ప్రమాదమే ఎదురవుతుంది. మీ బటన్‌తో మూడు నాలుగు సెకన్లు, తర్వాత ఒకటి రెండు నిమిషాలు విరామం. మూడు నాలుగు సార్లకి స్టార్ట్ కాకపోతే సమస్య సెల్ఫ్‌లో లేదు. పెట్రోలు, స్పార్కు చూడండి.

ఇంకో సంగతి. సిరీస్ మోటారు ప్లస్ మైనస్ తారుమారైనా అదే వైపు తిరుగుతుంది. అందువల్ల కేబుళ్లు తిరగేసి పెట్టినా సెల్ఫ్ మామూలుగానే తిరిగి అంతా సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. బండి బ్యాటరీకే తిరగేసి పెట్టి ఉంటే మాత్రం డైనమో పోలారిటీ తారుమారవుతుంది, ఆల్టర్నేటరు ఉంటే దాని డయోడ్లు పోతాయి. స్టార్ట్ అయ్యాక అమ్మీటరు ఛార్జింగ్ చూపించకపోతే డైనమోని మళ్లీ పోలరైజ్ చేయించాలి, అంటే దాని పోలారిటీ సరిచేయించాలి. ఆ పద్ధతి, ఛార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరు రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి మీ బండి మాన్యువల్ చూసే చేయండి.

వేరే జోడీలు

12 వోల్ట్‌ల బండికి 6 వోల్ట్‌ల బ్యాటరీ సాయం పనికిరాదు. బండిలోని 12 వోల్ట్‌ల బ్యాటరీ నుంచే అది కరెంటు లాక్కుంటుంది. 12తో సిరీస్‌లో కలిపి 18 చేయాలని చూసేవాళ్లు ఉన్నారు, ఆల్టర్నేటరు ఉన్న బండిలో అది దాన్ని కాల్చే మార్గం.

24 వోల్ట్‌ల సెల్ఫ్ ఉన్న జాన్ డీర్ డీజిల్ బళ్లలో రెండు బ్యాటరీల మధ్య బిందువు బాడీకి కలిసి ఉంటుంది. అంటే ఒక బ్యాటరీ మైనస్, ఇంకోదాని ప్లస్ ఎర్త్. ఇక్కడ నాకు ఒకటే దారి సరైనది అనిపిస్తుంది: కేబుళ్లు విప్పి, రెండు బ్యాటరీలనూ విడివిడిగా 12 వోల్ట్‌ల ఛార్జరుతో ఛార్జ్ చేయడం. కారు తీసుకొచ్చి సాయం చేయాలంటే ఏ బ్యాటరీకి ఏ పోల్ అని ప్రతి క్లిప్‌కీ ఆలోచించాలి, కారు బాడీ ట్రాక్టరుకి తగలకుండా చూడాలి. 24 వోల్ట్‌ల లారీని తెచ్చి 12 వోల్ట్‌ల ట్రాక్టరుకి తగిలించడం 12ని 6కి తగిలించినంత తప్పే.

చిన్న లిథియం జంప్ ప్యాకుల్లో చాలావరకు 12కే తయారైనవి. క్లిప్పుల్లో ఉన్న రక్షణ సర్క్యూట్ 6 వోల్ట్‌ల బ్యాటరీని చూసి పనిచేయకపోవడం మంచిదే. ఆ రక్షణను దాటించే బటన్ ఉంటే దాన్ని 6 వోల్ట్‌ల బండి మీద వాడొద్దు. 6 వోల్ట్‌ల మోడ్ ఉందని లేబుల్ మీద స్పష్టంగా రాసి ఉంటేనే తీసుకోండి.

ప్రతిసారీ ఇదే గొడవైతే

ఏటా కొన్నిసార్లు మాత్రమే తీసే బండికి 6ని 6గానే ఉంచి లావు కేబుళ్లు, కొత్త ఎర్త్, మంచి బ్యాటరీ వేయడమే నేను చెప్పే మార్గం. ఆ మూడూ సరిగ్గా ఉన్న 6 వోల్ట్‌ల బండి చలిలో కూడా బాగానే స్టార్ట్ అవుతుంది, దశాబ్దాలపాటు అలాగే పనిచేశాయి.

రోజూ వాడే బండి అయితే, మంచి లైట్లు కావాలంటే, 12కి మార్చుకోవడం అర్థమున్న పని. కానీ పూర్తిగా మార్చాలి: ఆల్టర్నేటరు, 12 వోల్ట్‌ల కాయిల్ లేదా పాత కాయిల్‌కి తగిన రెసిస్టరు, బల్బులన్నీ, గేజికి వోల్టేజీ తగ్గించే ఏర్పాటు, మైనస్ ఎర్త్, అమ్మీటరు వైర్లు అటూ ఇటూ మార్చడం. సెల్ఫ్‌ని అలాగే ఉంచొచ్చు, కానీ ఎక్కువసేపు తిప్పకూడదు. సగం మార్చి వదిలేసిన బండి మార్చని బండి కన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

రెండిటి మధ్య రాజీగా 8 వోల్ట్‌ల బ్యాటరీ అమ్ముతుంటారు. నేను దాన్ని ఎంచుకోను. 6 వోల్ట్‌ల రెగ్యులేటరు 7.2 దగ్గర ఆపేస్తుంది, నాలుగు సెల్స్ ఉన్న బ్యాటరీ నిండాలంటే 9.5 దాకా కావాలి. రెగ్యులేటరు మార్చకపోతే అది ఎప్పుడూ సగం ఆకలితోనే ఉండి త్వరగా సల్ఫేట్ పట్టి పోతుంది. రెగ్యులేటరు పెంచితే బల్బులూ, కాయిలూ ఎప్పుడూ ఎక్కువ వోల్టేజీలో నడుస్తాయి. ఆ డబ్బు పెట్టి లావు కేబుళ్లు వేసుకుంటే అదే తేడా సెల్ఫ్ దగ్గర కనిపిస్తుంది.